అక్షరాలు లేని ఛానళ్ళు

ఆ వానాకాలం మా వీధిని తవ్వకపోయి ఉంటే మా నాన్న ఇవాళ్టికీ ప్రపంచ సినిమా పండితుడిగానే చలామణీ అయిపోయేవాడు.

మురుగు గొట్టాలు మారుస్తామని వచ్చినవాళ్ళు మూడో రోజుకల్లా ఇంటర్నెట్ తీగని గునపంతో తెంపేశారు. ఫోన్ చేసి అడిగితే, గొయ్యి పూడ్చేదాకా కొత్త తీగ వెయ్యడం కుదరదనీ, రెండు నెలలు ఓపిక పట్టమనీ చెప్పారు. దాంతో మూడేళ్ళుగా మా టీవీ వెనక వేలాడుతూ ఇంటర్నెట్లో సినిమాలు చూపిస్తున్న నల్లటి స్టిక్కు కాస్తా ఉత్త ప్లాస్టిక్ ముక్కయి కూర్చుంది. నా మొదటి జీతంతో ముచ్చటపడి కొన్నది అది.

నాన్న రోజూ సాయంత్రం అందులో సినిమాలు చూసేవాడు. ఏ దేశానిదైనా ఫరవాలేదు, కింద మన భాషలో అక్షరాలు నడుస్తూ ఉండాలి. మంచుకొండల్లో గొర్రెల కాపరులు, ఎడారిలో దారితప్పిన లారీ డ్రైవర్లు, రేవుల్లో దొంగలు, ఎవరినీ వదిలేవాడు కాదు. మన భాష సినిమా పెట్టినా సరే, అక్షరాలు వెయ్యమనేవాడు. రాసింది చదువుతూ చూస్తేనే రచయిత పనితనం తెలుస్తుందట. ముప్పై నాలుగేళ్ళు మిల్లులో మగ్గాలు నడిపిన మనిషికి ఇంత రుచి ఎక్కడబ్బిందా అని వీధంతా ముక్కున వేలేసుకునేది. నేను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో ఈ సంగతి వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

అమ్మ మాత్రం స్టిక్కు పోయినందుకు లోలోపల సంతోషించింది. ఆవిడ ఆ నెలలోనే రిటైరైంది. ఆవిడదీ అదే మిల్లు. మగ్గాల షెడ్డులో నాలుగేళ్ళు చేసి, అక్కడే నాన్నని చూసి, పెళ్ళయ్యాక బట్ట మడతపెట్టి తప్పులు ఏరే విభాగానికి మారింది. నేను పుట్టినప్పుడు ఇద్దరూ కూడబలుక్కుని చెరో షిఫ్టూ తీసుకున్నారు. నాన్న పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా, అమ్మ రెండు నుంచి పది దాకా. రెండు గంటలకి మిల్లు గేటు దగ్గర నాన్న చేతిలో తాళంచెవీ, నాన్న చంకలో నన్నూ పెట్టి అమ్మ లోపలికి వెళ్ళిపోయేది. నేను పెద్దదాన్నయ్యాక కూడా షిఫ్టులు మారలేదు. నాన్న రెండేళ్ళ ముందే రిటైరైనా అమ్మ సాయంత్రాలు మిల్లువే. కాపురం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ కలిసి చూసిన సాయంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"నాకేం పెద్ద కోరికల్లేవే," అని రిటైరైన రోజు అమ్మ నాతో అంది. "పని ముగించుకుని మీ నాన్న పక్కన కూచుని, ఏదో ఒకటి చూస్తూ, దాని మీద నాలుగు మాటలు చెప్పుకోవాలి. అంతే."

కానీ స్టిక్కుతో ఆవిడకి పడేది కాదు. వందల బొమ్మలు వరసలు వరసలుగా కనిపిస్తే ఏది నొక్కాలో తేల్చుకోలేక నీరసం వచ్చేదట. బట్టల కొట్టుకి వెళ్ళి చీరలన్నీ విప్పించి ఉత్త చేతుల్తో వచ్చినట్టు ఉంటుందనేది. అందుకే తీగ తెగిందనగానే, యాంటెనా పెడితే మామూలు ఛానళ్ళు వస్తాయి కదా అని తనే గుర్తుచేసింది. ఏడింటికి ఒకటి వస్తుంది, ఏడున్నరకి ఇంకోటి వస్తుంది, కూచోవడమే మన పని అని.

యాంటెనా పెట్టింది పై వాటాలో ఉండే రేడియో బాబాయి. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు మిక్సీలు బాగుచేస్తున్నాడు, పేరు మాత్రం రేడియో దగ్గరే ఆగిపోయింది. నాన్నని అన్నయ్యా అనీ, అమ్మని వదినా అనీ పిలుస్తాడు. అటక మీద నుంచి పాత యాంటెనా, ఒక ఇనప గొట్టం, చుట్ట తీగ దింపి, ఇవన్నీ ఎరువే సుమా, మళ్ళీ తిరిగివ్వాలి అని ముందే చెప్పి, డాబా మీదకి ఎక్కాడు.

అమ్మ రిమోటు పట్టుకుని స్టిక్కు నుంచి యాంటెనాకి మార్చే బటన్ ఎక్కడుందా అని వెతికింది. అది పైన ఒక మూల, ఇంతవరకూ ఎవరూ నొక్కని చోట ఉంది. నొక్కగానే తెర నిండా చుక్కలు. బొమ్మ రాగానే కేకెయ్యమని నాన్నని టీవీ ముందు కూచోబెట్టి అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. నేను మెట్ల మీద నిలబడ్డాను. బాబాయి గొట్టం తిప్పుతూ, వచ్చిందా అని నన్నడిగితే, నేను కిందికి వంగి నాన్నని అడగాలి. అడిగాను. జవాబు లేదు. ఇంకా రాలేదని బాబాయికి చెప్పాను. ఆయన ఇంకాస్త తిప్పాడు. మళ్ళీ అడిగాను, మళ్ళీ లేదు. ఈలోగా వాన అందుకుంది. యాంటెనా ఊరంతా చుట్టి మొదటికొచ్చింది, మేం ముద్దయ్యాం. కిందికి వచ్చి చూస్తే నాన్న కాలు మీద కాలేసుకుని వార్తలు చూస్తున్నాడు.

"వచ్చి పావుగంటైంది. మధ్యలో మీరే రెండుసార్లు చెడగొట్టారు," అన్నాడు.

చెప్పొచ్చు కదా అంటే, అడిగితే కదా చెప్పేది అన్నాడు. బాబాయి తల తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు. అన్నయ్య వార్తల్లో పడితే పిడుగు పడ్డా వినపడదన్నాడు. అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నాన్నే నవ్వాడు.

ఏడెనిమిది ఛానళ్ళు వచ్చాయి. అమ్మ వాటిలో ఏడు గంటల సీరియల్ ఒకటి పట్టుకుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు తండ్రి వదిలిపోయిన లాడ్జిని నడుపుకొచ్చే కథ. ఎక్కడో పరాయి భాషలో తీసి మన గొంతులు అతికించారు. పెదవులు ఒకలా కదులుతాయి, మాట ఇంకోలా వినిపిస్తుంది. అమ్మకి అదేం పట్టలేదు. ఆరున్నరకల్లా వంట ముగించి, మొహం కడుక్కుని, సోఫాలో నాన్న పక్కన కూచునేది. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత శ్రద్ధగా కూచుని ఉండదు.

నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐదో రోజు భోజనాల దగ్గర అమ్మ, ఆ పెద్దామె తెగువ చూశారా అంది. చూశాను, లాడ్జి అమ్మేసి మంచిపని చేసింది అన్నాడు నాన్న. అమ్మడమేంటండీ, రంగులు వేయించింది కదా అంది అమ్మ. మర్నాడు చెల్లెలికి పెళ్ళి కుదిరిందన్నాడు. కుదిరింది వంటమనిషి అని అమ్మ చెప్పింది. ఇలా రోజుకొకటి. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. అమ్మ మొదట్లో నవ్వింది, తర్వాత మానేసింది. పక్కనే కూచుని కూడా ఆయన మనసు అక్కడ పెట్టట్లేదని అర్థం చేసుకుంది.

తర్వాతి వారం నాన్న ఏడు కాగానే స్టూలు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఏంటని అడిగితే లోపల ఉక్కగా ఉందన్నాడు. బయట జోరుగా వాన కురుస్తోంది, నేను శాలువా కప్పుకుని ఉన్నాను, ఆయనకి ఉక్క. సోఫాలో అమ్మ ఒక్కర్తే మిగిలింది. సీరియల్ అయ్యాక ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్ళి పడుకునేది.

సరిగ్గా అప్పుడే మిల్లు నుంచి మేస్త్రి కబురు పెట్టాడు. కొత్తగా చేరిన పిల్లలకి బట్టలో తప్పులు కళ్ళకి ఆనట్లేదట, ఒక ఏడాది అదే రెండో షిఫ్టుకి వచ్చి నేర్పమన్నాడు. ఒకటో తారీకులోగా ఏ సంగతీ చెప్పమన్నాడు. నాన్న విని, నీ ఇష్టం అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

నేను అమ్మని కూచోబెట్టి, ఇన్నేళ్ళు ఎదురుచూసింది మళ్ళీ ఆ షిఫ్టుకి వెళ్ళడానికేనా అని అడిగాను. అమ్మ బఠాణీలు ఒలుస్తూనే ఉంది.

"ఎదురుచూసింది నేనొక్కదాన్నే అనుకుంటానే. ఆయనకి ఒంటరిగా అలవాటైపోయింది. నేను పక్కన కూచుంటే ఇరుకుగా ఉన్నట్టుంది."

నాకు నాన్న మీద ఒళ్ళు మండింది. గొర్రెల కాపరుల కష్టాలకి కళ్ళు తుడుచుకునే మనిషికి ఇంట్లో మనిషి కనిపించదా అనుకున్నాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడట్లేదని ఆయన గమనించినట్టు కూడా లేదు, అదింకా కోపం.

నెలాఖరుకి ఐదు రోజులుందనగా, వాన వల్ల దుకాణం తొందరగా మూసేసి ఆరింటికే ఇంటికొచ్చాను. ముందుగదిలో నాన్న ఒక్కడే వార్తలు చూస్తున్నాడు. అమ్మ బాబాయి వాళ్ళింట్లో ఉన్నట్టుంది, పైనుంచి గొంతు వినిపిస్తోంది. గొడుగు మూలన పెట్టి ఆయన వెనకాల నిలబడి తల తుడుచుకుంటున్నాను. తెర మీద వార్తలు చదివే అమ్మాయి ఎదురుగా చూస్తూ చదువుకుపోతోంది.

"రేపూ ఎల్లుండీ కూడా వానేనట. స్కూళ్ళకి సెలవిచ్చారు," అన్నాడు నాన్న తలతిప్పకుండానే. నా నీడ గోడ మీద చూసినట్టున్నాడు.

ఊఁ అన్నాను. ఇంకో నిమిషం తుడుచుకున్నాక గానీ నాకు వెలగలేదు. గదిలో వాన చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. టీవీకి గొంతు లేదు. తెర మూల సౌండు ఆపేసిన గుర్తు ఎర్రగా వెలుగుతోంది. అమ్మ ఫోనొచ్చినప్పుడు ఆపి, మళ్ళీ పెట్టడం మరిచిపోయి పైకి వెళ్ళినట్టుంది.

నాన్నా, టీ పెట్టనా అని వెనక నుంచే అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. కాస్త గట్టిగా అడిగాను. లేదు. వెళ్ళి ఎదురుగా నిలబడి మామూలు గొంతుతో అదే అడిగాను. పెట్టు తల్లీ, చక్కెర తక్కువ వెయ్యి అన్నాడు.

రోజంతా జనాల కళ్ళు పరీక్షించే ఉద్యోగం నాది. వరసలో ముందువాళ్ళు చదివింది విని బట్టీ పట్టి, అన్నీ కనిపిస్తున్నట్టు గడగడా అప్పజెప్పేవాళ్ళని ఇట్టే పట్టేస్తాను. ఇంట్లో మాత్రం గుడ్డిదాన్నై తిరిగాను. టీ పెట్టలేదు. ఆయన ఎదురుగా కింద కూచుని, ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. దేని గురించని ఆయన అడగలేదు. తెర మూల వెలుగుతున్న గుర్తుని నేను వేలెత్తి చూపిస్తే, దొరికిపోయిన పిల్లాడిలా చూశాడు.

మగ్గాల షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదని చెప్పాడు. వందల మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే అరిచి లాభం లేదు. అందుకని అందరూ ఒకరి నోరు ఒకరు చూసి మాట్లాడుకునేవాళ్ళట, గొంతు వాడకుండా, పెదవులతోనే. బయటికొచ్చినా ఆయనకి అదే అలవాటు. అందువల్ల చెవులు ఎప్పుడు పోయాయో ఆయనకే సరిగ్గా తెలియదు. ఎదురుగా ఉన్నవాళ్ళతో ఇబ్బంది లేదు. స్టిక్కులో అక్షరాలున్నాయి. వార్తల అమ్మాయి మన భాషే, తిన్నగా చూసి చదువుతుంది. ఆ లాడ్జి అక్కచెల్లెళ్ళ నోళ్ళు మాత్రం పరాయి భాషలో కదులుతాయి, ఒక్క ముక్క అంతుపట్టదు. ఊహించి చెప్పినవన్నీ తప్పాయి.

"సౌండు పెంచమని అడగొచ్చు కదా నాన్నా. అమ్మకి చెప్పొచ్చు కదా."

నాన్న తల అడ్డంగా ఊపాడు.

"ఇన్నేళ్ళు ఆవిడ చెప్పేది వినడానికి నాకు టైము లేదు. ఇప్పుడు టైముంది, చెవుల్లేవు. అది ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు? నువ్వు కూడా చెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టేశాను. వేశాక తల పట్టుకున్నాను. అమ్మేమో ఆయనకి తన తోడు అక్కర్లేదనుకుంటోంది. నాన్నేమో తన చెవుడు తెలిస్తే ఆవిడకి మనసు విరిగిపోతుందనుకుంటున్నాడు. ఒకటో తారీకు వచ్చిందంటే ఆవిడ మళ్ళీ రెండో షిఫ్టుకి వెళ్ళిపోతుంది, ఈయన మళ్ళీ ఒక్కడూ సినిమాలు చదువుకుంటాడు. నాలుగు రోజులు ఇదే ఆలోచన. దుకాణంలో ఒకాయనకి ఇంకొకాయన కళ్ళజోడు కట్టి పంపించేశాను.

నెలాఖరు సాయంత్రం వాన బాల్కనీలోకి ఏటవాలుగా కొట్టింది. స్టూలు మీద కూచునే వీల్లేక నాన్న లోపలికొచ్చి సోఫా చివర ఒదిగి కూచున్నాడు. అమ్మ ఆయన వైపు చూడకుండానే, రేపు మేస్త్రికి వస్తానని చెప్పేస్తున్నాను అంది. తలతిప్పి చెప్పింది కాబట్టి ఆ సంగతి నాన్నకి చేరనే లేదు. సీరియల్ మొదలైంది. రిమోటు నా ఒళ్ళో ఉంది. నేను సౌండు ఆపేశాను.

"అదేంటే, గొంతు పోయింది," అంది అమ్మ. నేను రిమోటు గుప్పిట్లోనే పట్టుకున్నాను. నేను మొండికేశాననుకుని, మీరైనా దీనికి చెప్పండి అంటూ నాన్న వైపు తిరిగింది.

నాన్న తెర వైపే చూస్తున్నాడు. లాడ్జి మెట్ల మీద పెద్దామె ఏదో అంటోంది. నాన్న అక్కడక్కడా తలూపుతున్నాడు. ఒకచోట అమ్మ నవ్వాల్సిన చోటనుకున్నాడో ఏమో, చిన్నగా నవ్వాడు. గదిలో ఏ మాటా లేదు.

అమ్మ అలాగే చూస్తూ ఉండిపోయింది. తప్పు దొరికిన బట్టని వెలుతురుకి పెట్టి చూసే చూపు అది, నేను చిన్నప్పుడు మిల్లులో చూశాను. తర్వాత లేచింది. భోజనాల బల్ల దగ్గరున్న కుర్చీ ఈడ్చుకొచ్చి టీవీకీ నాన్నకీ మధ్య వేసి, టీవీకి వీపు పెట్టి, ఆయనకి ఎదురుగా కూచుంది. ఆవిడ పెదవులు కదిలాయి. గొంతు లేదు. మగ్గాల షెడ్డు వదిలి ఇరవై ఎనిమిదేళ్ళైనా ఆ పెదవులు తడబడలేదు.

ఏమందో నాకు తెలియదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఇద్దరూ చెప్పలేదు. నాన్న మొహం మాత్రం ఎర్రబడి, నా వైపు తిరిగింది. నేను చెప్పలేదు అన్నాను. అందులో అబద్ధం లేదు. అమ్మ నా వైపు చూడకుండానే చెయ్యి చాపితే సౌండు పెట్టాను. వెనక నుంచి వస్తున్న మాటలు వింటూ, ముందున్న మనిషికి పెదవులతో చెప్పుకుపోయింది. కాసేపటికి నాన్న భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని గాభరాపడ్డాను. నవ్వుతున్నాడు. సీరియల్లో అప్పుడు నవ్వాల్సిందేమీ జరగట్లేదు, అంటే అమ్మ సొంతంగా కలుపుతోందన్నమాట.

మర్నాడు అమ్మ మిల్లుకి వెళ్ళి, సాయంత్రాలు తనకి పని ఉందని మేస్త్రికి చెప్పి వచ్చింది.

ఆ వానాకాలంలో మిగిలిన రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ హాయిగా ఉంటుంది. ఏడు కాగానే ఒకరు సోఫాలో, ఒకరు ఎదురు కుర్చీలో. అమ్మ బొమ్మ చూడదు, నాన్న మాట వినడు, ఇద్దరికీ కలిపి ఒక సీరియల్. మధ్యలో ఒకరోజు బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చెవికి మిషను ఇచ్చారు. చెవిలో చీమ తిరుగుతున్నట్టుందని తీసి డబ్బాలో పెట్టేస్తాడు, మళ్ళీ పెట్టుకుంటాడు. కానీ బయటివాళ్ళకి ఈ సంగతి తెలియకూడదని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు. ఎవరైనా వెనక నుంచి పలకరించి జవాబు రాక ముందుకొస్తే, ఏదో సినిమా గురించి ఆలోచిస్తున్నానని చెప్పేవాడు.

గొయ్యి పూడ్చారు, కొత్త తీగ వేశారు. ఇక ఆయన సినిమాలు ఆయనవి అంది అమ్మ, తేలిగ్గా అనబోయి అనలేక. నేనే చేతులారా స్టిక్కు పెట్టాను. అక్షరాలు నడిచాయి. నాన్న చదువుకున్నాడు. అమ్మ పక్కనే కూచుని జాకెట్లకి గుండీలు కుట్టింది. రెండు సాయంత్రాల్లో ఇంట్లో జాకెట్లన్నీ అయిపోయాయి.

ఆదివారం సాయంత్రం రేడియో బాబాయి స్పానర్ పట్టుకుని వచ్చాడు. ఇంకెవరికో యాంటెనా కావాలట. గుమ్మంలోంచే డాబా మెట్ల వైపు తిరిగి, దీంతో మీకింక పనిలేదుగా, విప్పేస్తున్నా అన్నయ్యా అన్నాడు. మామూలుగా అయితే ఇలాంటప్పుడు అవతలివాళ్ళు ఏమన్నా సరే నాన్న చిరునవ్వుతో తలూపేస్తాడు. అమ్మ సూది ఆపింది, కానీ అడ్డం చెప్పలేదు.

నాన్న తలూపలేదు. అమ్మ వైపు తిరిగాడు.

"ఏమన్నాడు? నాకు వినపడలేదు."

బాబాయి మెట్టు మీదే ఆగిపోయాడు. అమ్మ పెదవులతో చెప్పింది. బాబాయి ఆవిడ నోరూ ఈయన మొహమూ మార్చి మార్చి చూశాడు. నాన్న లేచి, టీవీ వెనకాలకి చెయ్యి పెట్టి తడుముకుని, స్టిక్కు పీకి నా చేతిలో పెట్టాడు.

"విప్పకు," అన్నాడు బాబాయితో. "నాకు చెవులు పోయి చాన్నాళ్ళైంది. సీరియల్ ఈవిడ నోట వింటేనే నాకు బాగుంటుంది."

బాబాయి స్పానర్ జేబులో పెట్టుకుని, సరే అన్నయ్యా అన్నాడు. నాన్న ఆ సరే అన్నది చూసి తనూ సరే అన్నాడు. రిమోటు మీద ఏ బటనో నన్నడిగి తనే నొక్కి, ఛానళ్ళకి మార్చాడు. ఏడు కావడానికి ఇంకా అరగంట ఉంది. తెర మీద ఏదో ఎరువుల ప్రకటన వస్తోంది. అమ్మ అప్పుడే కుర్చీ లాక్కుని, టీవీకి వీపు పెట్టి కూచుని, ఎరువుల గురించి మొదలుపెట్టింది.